మెరుపూ రెప్పపాటూ : ఫ్లాష్ ఛాయాచిత్రణ చరిత్ర

ఛాయాచిత్రానికి రెండు అవసరం. ఒకటి, వస్తువు మీద పడే వెలుతురు. రెండవది, ఆ వెలుతురును కొంతసేపు లోనికి రానిచ్చి తిరిగి మూసుకొనే కవాటం. దీనినే షట్టరు అంటున్నాము. పట్టపగలు తీసే బొమ్మలో ఈ రెండింటికీ పొత్తు కుదర్చవలసిన పని లేదు. సూర్యుడు నిలకడగా వెలుగుతూనే ఉంటాడు కనుక తలుపు ఏ క్షణాన తీసినా ఫరవాలేదు. మనిషి తనకు కావలసిన వెలుతురును తానే పుట్టించుకోవడం మొదలుపెట్టిన తరువాతనే చిక్కు వచ్చింది. ఆ వెలుతురు మెరుపులా వచ్చి మాయమవుతుంది. షట్టరు కూడా రెప్పపాటు కంటె తక్కువ కాలమే తెరుచుకొంటుంది. ఈ రెండూ ఒకే క్షణంలో జరగాలి. ఏ ఒక్కటి ముందైనా, వెనుకైనా ఫిలిం మీద మిగిలేది చీకటే.

నూట డెబ్బై ఏళ్ళకు పైబడిన ఫ్లాష్ చరిత్రలో అధిక భాగం ఈ కలయికను సాధించడానికి జరిగిన కృషియే. నేడు కెమెరా పైన అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన వైర్‌లెస్ ట్రిగ్గరు అమర్చి, ఎంతో దూరాన ఉన్న దీపాన్ని సెకండులో కొన్ని వేలవ వంతు కాలానికి సరిగా వెలిగించగలుగుతున్నారు. ఆ చిన్న పరికరం వెనుక అనేక దేశాల శాస్త్రజ్ఞుల, యంత్ర నిర్మాతల, పత్రికా ఛాయాగ్రాహకుల అనుభవం ఉంది. అందులో మన దేశపు పాలు కూడా లేకపోలేదు.

నిప్పురవ్వ, మెగ్నీషియం

ఆకస్మికమైన వెలుతురుతో కదిలే వస్తువును నిలిపి చూపవచ్చునని మొదట నిరూపించినవాడు ఇంగ్లండు దేశీయుడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. 1851లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన టైమ్స్ పత్రిక కాగితాన్ని ఒక చక్రానికి అంటించి, చక్రాన్ని వేగంగా తిప్పించి, లేడెన్ జాడీలలో నిలువచేసిన విద్యుత్తును ఒక్కమారుగా విడుదల చేసి, ఆ నిప్పురవ్వ వెలుగులో బొమ్మ తీశాడు. తిరుగుతున్న కాగితం మీది అక్షరాలు చదవడానికి వీలుగా వచ్చాయి. ఆ ప్రయోగంలో షట్టరు ప్రసక్తి లేదు. చీకటి గదిలో లెన్సు ముందే తెరిచి ఉంది. వెలుతురే కాలాన్ని కొలిచింది.

కాని టాల్బట్ నిప్పురవ్వ ప్రయోగశాల దాటి బయటికి రాలేదు. 1861లో పారిస్ నగరం కింద ఉన్న అస్థికల సొరంగాలను చిత్రించిన నదార్ బ్యాటరీలతో వెలిగే ఆర్కు దీపాలను వాడవలసి వచ్చింది. ఒక్కొక్క బొమ్మకు పద్ధెనిమిది నిమిషాల వరకు పట్టేది. అంతసేపు మనిషి కదలకుండా నిలబడలేడు కనుక పనివాళ్ళ స్థానంలో ఆయన బొమ్మలను నిలబెట్టాడు. 1860ల నడుమ మెగ్నీషియం తీగ అందుబాటులోకి వచ్చింది. 1865లో స్కాట్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ పియాజీ స్మిత్ ఈజిప్టు మహా పిరమిడ్ అంతర్భాగాన్ని ఆ వెలుగులో చిత్రించాడు.

1887లో జర్మనీ శాస్త్రజ్ఞులు అడాల్ఫ్ మీతె, యోహానెస్ గేడికె మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేటు వంటి ద్రవ్యాలు కలిపి భగ్గున మండే చూర్ణాన్ని తయారుచేశారు. ఈ వార్త చదివిన న్యూయార్క్ పత్రికా విలేఖరి జేకబ్ రీస్ వెంటనే దానిని చేపట్టాడు. వలస కూలీలు కిక్కిరిసి బ్రతికే చీకటి కొట్లలోకి అర్ధరాత్రి వెళ్ళి, లెన్సు తెరిచి, పొడి మండించి, లెన్సు మూసి బొమ్మలు తీశాడు. ఆ ప్రయత్నంలో తాను రెండుసార్లు ఇళ్ళకు నిప్పు పెట్టినట్లు, ఒకసారి తన బట్టలే అంటుకొన్నట్లు ఆయనే రాసుకొన్నాడు. 1890లో వెలువడిన ఆయన గ్రంథం నగర పాలకుల దృష్టిని ఆ వాడల మీదికి మళ్ళించింది. పోలీసు స్టేషన్లలో నిరాశ్రయులను కుక్కి ఉంచే బస గదులను 1896లో, థియొడోర్ రూజ్‌వెల్ట్ పోలీసు బోర్డు అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, మూసివేశారు. ఫ్లాష్ వెలుగు పరిపాలనను కదిలించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అదే సమయంలో, నిద్రలో ఉన్న నిరుపేదల కళ్ళ మీద అనుమతి లేకుండా పడిన వెలుగు కూడా అదే. ఈ రెండు ముఖాలూ ఫ్లాష్‌ను నాటి నుంచి వీడలేదు.

గాజుబుడ్డిలో మంట

పొడి వెలుగుకు పొగ ఉంది, ప్రమాదం ఉంది, అదుపు లేదు. 1929లో జర్మనీలో విక్రయానికి వచ్చిన ఫ్లాష్ బల్బు ఈ మూడింటినీ చాలవరకు తొలగించింది. ఆమ్లజని నింపిన గాజుబుడ్డిలో పలుచని అల్యూమినియం రేకును ఉంచి, బ్యాటరీ విద్యుత్తుతో వెలిగించేవారు. మంట గాజు లోపలనే ఉండిపోయేది. అంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి జరిగింది. వెలుతురును విద్యుత్తు వెలిగిస్తున్నది కనుక, షట్టరుకూ బల్బుకూ నడుమ ఒక తీగ వేసి రెండింటినీ ఒకే మీటతో నడపడం సాధ్యమైంది. ఛాయాగ్రాహకుడు లెన్సు తెరిచి, వెలిగించి, మూసే మూడు పనులు ఒక్క పనిగా మారాయి.

ఇక్కడే కాల సమన్వయమనే అసలు సమస్య బయటపడింది. బల్బు మీట నొక్కిన వెంటనే పూర్తిగా వెలగదు. సాధారణ రకం బల్బు వెలుగు శిఖరానికి చేరడానికి సుమారు ఇరవై మిల్లీసెకన్లు పట్టేది. కనుక ముందు బల్బుకు విద్యుత్తు పంపి, ఆ తరువాత అంత కాలం ఆగి షట్టరు తెరుచుకోవాలి. ఈ చిన్న విరామాన్ని పాటించే గడియారపు యంత్రాంగాన్ని షట్టరులోనే అమర్చారు. తీగ వదులైనా, బ్యాటరీ నీరసించినా ఆ లెక్క తప్పేది. ఒక బల్బు ఒక్క బొమ్మకే పనికివచ్చేది. కాబట్టి తప్పిన ప్రతి బొమ్మకూ ఒక బల్బు బూడిదయ్యేది.

మన దేశంలో స్వాతంత్ర్యానికి ముందు వెనుకల పత్రికా ఛాయాగ్రహణం ఈ బల్బుల మీద ఆధారపడింది. తొలి భారతీయ మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలుగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా 1942 నుంచి ఢిల్లీలో పనిచేస్తూ స్పీడ్ గ్రాఫిక్ వంటి బరువైన కెమెరాలను మోసుకొని రాజకీయ సభలను, అధికార ఉత్సవాలను చిత్రించారు. ఆమెకు 2011లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది.

ఆ కాలపు బల్బుకు చరిత్రలో నిలిచిన ఉదాహరణ 1946లో పూనాలో కనిపిస్తుంది. లైఫ్ పత్రిక తరఫున వచ్చిన మార్గరెట్ బూర్క్-వైట్ రాట్నం వద్ద కూర్చున్న గాంధీజీని చిత్రించదలచారు. ముందు రాట్నం వడకడం నేర్చుకోవాలని ఆయన కార్యదర్శి షరతు పెట్టాడు. ఆ రోజు మహాత్ముని మౌనదినం. గది చీకటిగా ఉంది. ఆమెకు మూడే బల్బులు అనుమతించారు. మొదటి రెండూ వృథా అయ్యాయి. మూడవది ఫలించింది. ముందు రాట్నం, వెనుక చదువుకొంటున్న గాంధీజీ ఉన్న సుప్రసిద్ధ చిత్రం ఆ మూడవ బల్బు ఫలమే. ఫ్లాష్ వెలుగు గాంధీజీకి ఇష్టం లేదు. తన అన్న మనుమడు కనూ గాంధీకి బొమ్మలు తీయడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఆయన మూడు నియమాలు విధించారు: ఫ్లాష్ వాడరాదు, భంగిమ పెట్టమని అడగరాదు, ఆశ్రమం డబ్బు ఇవ్వదు. ఆ నియమాలకు లోబడి కనూ గాంధీ 1948 వరకు దాదాపు పదేళ్ళు తీసిన చిత్రాలు సహజమైన వెలుగులోనే రూపొందాయి. వెలుగు ఎంత కావాలన్న ప్రశ్నతో పాటు, ఎదుటివారు ఎంత భరిస్తారన్న ప్రశ్న కూడా ఉన్నదని ఈ రెండు ఉదంతాలూ గుర్తుచేస్తాయి.

కవాటం కంటె వేగమైన వెలుగు

1931 నుంచి అమెరికాలోని మసాచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ టాల్బట్ నిప్పురవ్వకు కొత్త ప్రాణం పోశాడు. యంత్రాల కదలికను అధ్యయనం చేయడానికి ఆయన రూపొందించిన వాయునాళపు దీపమే నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు మూలం. దాని పద్ధతి సరళమైనది. కెపాసిటరులో కొన్ని వందల వోల్టుల విద్యుత్తును నిలువచేస్తారు. గాజునాళంలో జినాన్ వాయువు ఉంటుంది. చిన్న తీగచుట్ట ద్వారా కొన్ని వేల వోల్టుల తాకిడి ఇవ్వగానే వాయువు విద్యుద్వాహకంగా మారి, నిలువ ఉన్న శక్తి అంతా ఒక్క మెరుపులో ఖర్చవుతుంది. బల్బులా కాలిపోదు, మళ్ళీ నింపుకొని మళ్ళీ వెలిగించవచ్చు. పాల బొట్టు పడి కిరీటంలా పైకి లేచిన ఎడ్జర్టన్ చిత్రం, తుపాకీ గుండు ఛేదించిన వస్తువుల చిత్రాలు ప్రపంచమంతా పేరు పొందాయి. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు రాత్రివేళ విమానాల నుంచి నేలను చిత్రించడానికి కూడా ఆయన దీపాలను వినియోగించారు.

బల్బు కాలంలో షట్టరు వెలుగు కోసం ఆగవలసి వచ్చేది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ తాకిడి అందిన మరుక్షణమే మెరిసి, సాధారణంగా సెకండులో వెయ్యవ వంతు కాలంలోనే ఆరిపోతుంది. ఇప్పుడు వెనుకబడినది షట్టరు.

దీని కారణం షట్టరు నిర్మాణంలోనే ఉంది. లెన్సు లోపల రేకుల వంటి పలకలతో ఉండే షట్టరు నడుమ నుంచి విచ్చుకొని మొత్తం దృశ్యానికి ఒక్కమారే దారి ఇస్తుంది. 1957లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ 500సి కెమెరా ఈ రకం షట్టరుతో సెకండులో 500వ వంతు వరకు అన్ని వేగాలలోను ఫ్లాష్‌తో పనిచేసేది. కాని లెన్సులు మార్చుకొనే చిన్న కెమెరాలలో షట్టరు ఫిలింకు ఎదురుగా రెండు తెరలుగా ఉంటుంది. మొదటి తెర పరుగెత్తి దారి తెరుస్తుంది, రెండవది వెంబడించి మూస్తుంది. నిదానమైన వేగాలలో మొదటి తెర పూర్తిగా తొలగిన తరువాతనే రెండవది కదులుతుంది. అప్పుడు ఫిలిం అంతా ఒక్క క్షణం తెరిచి ఉంటుంది, మెరుపు ఆ క్షణంలో పడితే చాలు. వేగం పెంచితే మొదటి తెర గమ్యం చేరకముందే రెండవది బయలుదేరుతుంది. ఫిలిం ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోదు; ఒక సన్నని చీలిక మాత్రమే దాని మీదుగా జరిగిపోతుంది. అప్పుడు మెరిసిన ఫ్లాష్ ఆ చీలికంత పట్టీనే వెలిగిస్తుంది. మిగిలిన బొమ్మ నల్లగా వస్తుంది.

ఫిలిం పూర్తిగా తెరిచి ఉండే అత్యధిక వేగాన్ని సింక్ వేగం అన్నారు. గుడ్డ తెరలు అడ్డంగా పరుగెత్తే కెమెరాలలో ఇది చాలాకాలం సెకండులో 60వ వంతు దాటలేదు. లోహపు పలకలు నిలువుగా కదిలే షట్టర్లు వచ్చాక 125వ వంతుకు చేరింది. 1982లో నికాన్ ఎఫ్‌ఎం2 సెకండులో 4000వ వంతు వేగాన్ని సాధించినా, దాని సింక్ వేగం 200వ వంతు. కొద్దికాలంలోనే 250వ వంతు అయింది. నేటికీ ఇటువంటి షట్టరు గల కెమెరాలు అధికంగా ఈ సరిహద్దు సమీపంలోనే ఉన్నాయి.

మండుటెండలో దీపం

ఇది కేవలం యంత్ర నిర్మాతల చిక్కు కాదు. మన వంటి ఎండల దేశంలో ఆరుబయట బొమ్మ తీసే ప్రతివారికీ ఎదురయ్యేదే. మధ్యాహ్నపు ఎండలో తలపాగా కింద, పైట కొంగు కింద ముఖం నీడలో మునిగి ఉంటుంది. ఆ నీడను తేలికపరచడానికి ఫ్లాష్ కావాలి. 100 స్పీడు ఫిలిం మీద తెల్లని ఎండకు లెన్సు ద్వారాన్ని ఎఫ్/16కు కుదిస్తే షట్టరు సెకండులో 125వ వంతు సరిపోతుంది. వెనుకనున్న గోల పలుచబడి ముఖం మాత్రమే స్పష్టంగా రావాలంటే ద్వారాన్ని ఎఫ్/2.8కు విప్పాలి. అప్పుడు షట్టరు 4000వ వంతుకు చేరాలి. సింక్ వేగం 250వ వంతు దగ్గర ఆగిపోయిన కెమెరా ఆ కోరికను తీర్చలేదు.

ఈ అడ్డంకికి పరిష్కారం పాత బల్బుల కాలం నుంచే వచ్చింది. తెరల షట్టర్ల కోసం అప్పట్లో ఎఫ్‌పి అనే ప్రత్యేకమైన బల్బులు చేసేవారు. అవి నెమ్మదిగా, సమంగా ఎక్కువసేపు మండేవి. చీలిక ఫిలిం ఒక చివరి నుంచి మరొక చివరికి చేరేవరకు వెలుగు నిలిచేది. 1986లో ఒలింపస్ సంస్థ ఓఎం-4 టైటానియం కెమెరాతో పాటు విడుదల చేసిన ఎఫ్280 ఫ్లాష్ ఇదే సూత్రాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో తిరిగి తెచ్చింది. ఒక్క పెద్ద మెరుపుకు బదులు కంటికి వేరుగా కనిపించని అనేక చిరు మెరుపులను ఎడతెగకుండా వెలువరించి, చీలిక ప్రయాణం పూర్తయ్యేవరకు దీపాన్ని నిలకడగా ఉంచింది. దానితో 2000వ వంతు వేగం వరకు ఫ్లాష్ వాడడం సాధ్యమైంది. 1990లలో ఇతర ప్రధాన కెమెరా సంస్థలు కూడా ఈ పద్ధతిని స్వీకరించాయి. దీనినే హై-స్పీడ్ సింక్ అంటున్నారు.

ఈ సౌకర్యం ఉచితంగా రాలేదు. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుగల ఫిలిం చట్రాన్ని తెర సెకండులో సుమారు 250వ వంతు కాలంలో దాటుతుందనుకొంటే, 2000వ వంతు వేగంలో చీలిక వెడల్పు సుమారు మూడు మిల్లీమీటర్లే. అంటే ఏ క్షణంలో చూసినా లెన్సు గుండా వచ్చిన ఫ్లాష్ వెలుగులో ఎనిమిది పాళ్ళకు ఒక పాలే ఫిలింకు చేరుతుంది. ఏడు పాళ్ళు మూసి ఉన్న తెరల మీద పడి వృథా అవుతుంది. అందుచేత దీపం మనిషికి దగ్గరగా ఉండాలి, లేదా మరింత శక్తివంతమైనది కావాలి. మరొక విషయం కూడా గమనార్హం. ఎడ్జర్టన్ చిత్రాలలో చలనాన్ని నిలిపినది మెరుపు యొక్క క్షణికత్వం. హై-స్పీడ్ సింక్‌లో వెలుగు నిలకడగా ఉంటుంది కనుక చలనాన్ని నిలిపే బాధ్యత తిరిగి షట్టరు మీదికే వచ్చింది.

తీగ తెగిన తరువాత

దీపం మనిషికి దగ్గరగా ఉండాలంటే కెమెరాకు దూరం కావాలి. అప్పుడు తీగ అడ్డు వస్తుంది. కాళ్ళకు చుట్టుకొంటుంది, లాగితే దీపపు స్తంభం పడిపోతుంది. ఒక ఫ్లాష్ వెలుగును గ్రహించి మరొక ఫ్లాష్ వెలిగే కాంతి గ్రాహకాలు గదులలో బాగా పనిచేశాయి. కాని ఎండలో అవి ఆ వెలుగును గుర్తించలేవు. గోడ చాటున అసలే పనిచేయవు. పెళ్ళి పందిరిలో పక్కవారి ఫ్లాష్‌కు కూడా స్పందిస్తాయి. ఈ లోపాలను రేడియో తరంగాలు తొలగించాయి.

రేడియో తరంగంతో దూరాన ఉన్న వస్తువును రాజేయడం మన దేశానికి కొత్త కాదు. 1890ల నడుమ కలకత్తాలో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ ప్రజల సమక్షంలో అదృశ్య విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, తుపాకీ మందును పేల్చి చూపించాడు. కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండున్నర సెంటీమీటర్ల వరకు నిడివి గల తరంగాల మీద ఆయన చేసిన పరిశోధన నేటి సూక్ష్మ తరంగ శాస్త్రానికి పునాదులలో ఒకటి. జర్మనీలో చూర్ణపు ఫ్లాష్ వచ్చి అప్పటికి దశాబ్దం కూడా పూర్తిగా కాలేదు. గోడ అవతలి మందుగుండును తీగ లేకుండా అంటించిన బోస్ ప్రయోగానికీ, నేటి వైర్‌లెస్ ఫ్లాష్‌కూ సూత్రంలో భేదం స్వల్పం.

భేదమంతా కాల నియమంలో ఉంది. రేడియో తరంగం ముప్పై మీటర్ల దూరాన్ని సెకండులో కోటవ వంతు కాలంలో దాటుతుంది. దానివల్ల ఆలస్యం లేదు. ఆలస్యమంతా సంకేతాన్ని కూర్చడంలోను, అవతల దానిని విప్పి పోల్చుకోవడంలోను ఉంది. పక్కన పనిచేసే మరొకరి సంకేతానికి మన దీపం వెలగకూడదు కనుక ఆ కూర్పు తప్పదు. అయితే సింక్ వేగం అంచున ఫిలిం పూర్తిగా తెరిచి ఉండే వ్యవధి చాలా ఇరుకు. మిల్లీసెకనులో కొంత భాగం ఆలస్యమైనా బొమ్మ అంచున నల్లని పట్టీ వస్తుంది. హై-స్పీడ్ సింక్‌కు ఇంతకంటె ఎక్కువ కావాలి. షట్టరు కదలకముందే దీపానికి హెచ్చరిక అందాలి, ఎంత కాలం వెలగాలో తెలియాలి. కేవలం వెలుగుమన్న ఆజ్ఞ చాలదు. కెమెరాకూ దీపానికీ నడుమ సంభాషణ జరగాలి. 2009లో అమెరికాకు చెందిన పాకెట్‌విజార్డ్ సంస్థ తన కొత్త ట్రిగ్గర్లలో ఈ సంభాషణను రేడియో ద్వారా నడిపింది. 2012లో కెనాన్ సంస్థ 600ఈఎక్స్-ఆర్‌టి ఫ్లాష్‌లోనే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోను అమర్చింది. తరువాతి సంవత్సరాలలో చైనా తయారీ ట్రిగ్గర్లు తక్కువ ధరకు దొరకడంతో చిన్న ఊళ్ళ స్టూడియోలకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది.

రేడియో పరికరం కనుక చట్టంతో సంబంధం ఏర్పడింది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇటువంటి పరికరం కలిగి ఉండడమే నేరం. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది. 1933 నాటి చట్టానికి బదులుగా 2023లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది. అమెరికాలో వాడే కొన్ని ట్రిగ్గర్ల తరంగ సంఖ్య 340 మెగాహెర్ట్జ్ పైన, ఐరోపాలో వాడేవాటిది 433 మెగాహెర్ట్జ్ సమీపాన ఉంటుంది. ఒక దేశంలో సాధారణ వస్తువు మరొక దేశంలో నిషిద్ధ వస్తువు కావచ్చు. అందువల్ల విదేశాల నుంచి తెచ్చుకొనేవారు దీనిని గమనించడం అవసరం.

మిగిలిన ప్రశ్న

2023 నవంబరులో సోనీ సంస్థ ప్రకటించిన ఏ9-3 కెమెరాలో తెరలే లేవు. దానిలోని గ్రాహక ఫలకం మీది బిందువులన్నీ ఒకే క్షణంలో వెలుతురును స్వీకరించి ఒకే క్షణంలో నిలిపివేస్తాయి. సెకండులో 80,000వ వంతు వరకు ఫ్లాష్‌తో పనిచేస్తుందని నిర్మాతలు పేర్కొన్నారు. చీలిక సమస్య ఇక్కడ లేదు. కాని అంతటి వేగంలో మెరుపే నిదానమైనది అవుతుంది; దాని వెలుగులో ఒక చిన్న ముక్క మాత్రమే బొమ్మకు అందుతుంది. కవాటం, వెలుగు ఒకదానిని ఒకటి దాటుకొంటూ సాగిన పోటీ మరొక మలుపు తిరిగింది.

కాలానికి సంబంధించిన చిక్కులు ఇలా ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. వెలుగు ఎక్కడ పడాలి, ఎక్కడ పడరాదు అన్న చిక్కు విడిపోలేదు. పూర్వపు హైదరాబాదు రాజ్యంలో భాగంగా ఉన్న అజంతా గుహల వర్ణచిత్రాలను ఆ రాజ్య పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా, ఛాయాచిత్రాల ఆధారంగా ప్రకటించి లోకానికి పరిచయం చేశాడు. పదిహేను వందల ఏళ్ళు చీకటిలో నిలిచిన ఆ రంగులు నేడు చూసేవారి దీపాలకు కందిపోగలవు. అందుకే ఆ గుహలలో ఫ్లాష్ వాడరాదన్న నియమం ఉంది. అక్కడ బొమ్మ తీయదలచినవారు కెమెరాను కదలకుండా నిలిపి, ఉన్న కొద్ది వెలుగు తగినంత పోగయ్యేవరకు ఓపిక పట్టవలసిందే. ఎంతటి వేగాన్నైనా అందుకోగల పరికరం చేతిలో ఉన్నవానికి కూడా అక్కడ ఆ నిదానమే దారి.